హిస్టోన్ యాంటీబాడీకి పెప్టైడ్ పరీక్ష: ఆపని పెప్టైడ్లే అసలు సాక్ష్యం

హిస్టోన్లు డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు. హెచ్3 వాటిలో ఒకటి, కే27 దానిలో 27వ లైసీన్, ట్రైమిథైల్ అంటే ఆ లైసీన్ మీద మూడు మిథైల్ గ్రూపులు; ఇలాంటి గుర్తునే మార్క్ అంటారు. టిష్యూ సెక్షన్ మీద హెచ్3 కే27 ట్రైమిథైల్ యాంటీబాడీ వేస్తే న్యూక్లియస్‌లు గోధుమ రంగు తేలతాయి. అదే యాంటీబాడీని దాని ఇమ్యునోజెన్ పెప్టైడ్‌తో (యాంటీబాడీని పుట్టించడానికి వాడిన చిన్న ప్రోటీన్ ముక్కతో) ముందే కలిపి వేస్తే రంగు పోతుంది. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి "యాంటీబాడీ స్పెసిఫిక్" అని రాసేయడం డేటాషీట్లలో మామూలైపోయింది. నిజానికి ఆ జత చెప్పేది ఒక్కటే. ఆ రంగు యాంటీబాడీ బైండింగ్ సైట్ ద్వారానే వచ్చింది. ఎఫ్‌సీ భాగం (యాంటీబాడీ తోక) అంటుకోవడం వల్లో, సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టుకునే రెండో యాంటీబాడీ) వల్లో, టిష్యూలో ముందే ఉన్న పెరాక్సిడేజ్ (రంగు పుట్టించే ఎంజైమ్) వల్లో రాలేదు. ఆ సైట్ టిష్యూలో దేన్ని పట్టుకుందన్నది మాత్రం ఆ జత ఫోటోల్లో ఎక్కడా లేదు. యాంటీబాడీ కే27ని పట్టుకున్నా, దారితప్పి కే9ని పట్టుకున్నా, ఇమ్యునోజెన్ పెప్టైడ్ సైట్‌ని నింపేశాక రెండు సిగ్నల్సూ ఒక్కసారే పోతాయి.

2016లో యాంటీబాడీల ధ్రువీకరణ కోసం అంతర్జాతీయ బృందమొకటి ఐదు మార్గాలు సూచించింది: జన్యువును తీసేసి చూడటం, యాంటీబాడీ అవసరం లేని పద్ధతితో పోల్చడం, వేరే ఎపిటోప్‌ని (యాంటీబాడీ పట్టుకునే చోటుని) పట్టే రెండో యాంటీబాడీతో పోల్చడం, ట్యాగ్ తగిలించిన ప్రోటీన్‌తో సరిచూడటం, యాంటీబాడీ లాగిన ప్రోటీన్లను మాస్ స్పెక్ట్రోమెట్రీలో పెట్టడం. పెప్టైడ్ బ్లాకింగ్ ఆ ఐదింటిలో లేదు. మామూలు ప్రోటీన్ల విషయంలో అది సబబే అంటాను. హిస్టోన్ మార్క్‌ల దగ్గర మాత్రం ప్రశ్నే వేరు. యాంటీబాడీ హెచ్3ని పడుతుందా అన్నది ఇక్కడ పెద్ద సందేహం కాదు. హెచ్3 మీద ఏ లైసీన్‌ని, దాని మీద ఎన్ని మిథైల్స్ ఉన్నప్పుడు పడుతుందన్నదే సందేహం. మార్క్‌కి వేరే జన్యువు లేదు కాబట్టి నాకౌట్ చేయడం తేలిక కాదు. కానీ ఒక్కో స్థితికీ ఒక్కో పెప్టైడ్‌ని కచ్చితంగా సింథసైజ్ చేయించుకోవచ్చు. అందుకే ఇక్కడ పెప్టైడ్ పోటీకి విలువుంది, ఒక షరతు మీద: లక్ష్య పెప్టైడ్ ఒక్కటే కాకుండా, ఆపకూడని పెప్టైడ్ల వరసంతా పెట్టాలి.

ఎక్కడ పొరబడుతుంది

హెచ్3 తోకలో కే9 చుట్టూ, కే27 చుట్టూ ఉన్న వరస ఒకటే: అలనీన్, ఆర్జినీన్, లైసీన్, సెరీన్. తేడా ఆ నాలుగింటికి అటూఇటూ మొదలవుతుంది. కే9కి ఆ నాలుగింటి ముందు థ్రియోనీన్, తర్వాత థ్రియోనీన్-గ్లైసీన్ ఉంటాయి. కే27కి ముందు అలనీన్, తర్వాత అలనీన్-ప్రోలీన్. యాంటీబాడీ ఆ నాలుగు రెసిడ్యూల (అమైనో ఆమ్లాల) మధ్యే సరిపెట్టుకుంటే దానికి కే9, కే27 వేర్వేరుగా కనిపించవు. లింకర్ హిస్టోన్ హెచ్1.4లో కే26 కూడా ఇదే నాలుగింటి మధ్య కూర్చుంది. జీ9ఏ ఎంజైమ్ తనను తాను మిథైల్ చేసుకునే చోట కూడా దాదాపు ఇదే వరస, సెరీన్ స్థానంలో థ్రియోనీన్ ఉంటుంది, అంతే.

రెండో ప్రమాదం మిథైల్స్ లెక్కలో. ట్రైమిథైల్‌కీ డైమిథైల్‌కీ తేడా ఒక్క మిథైల్ గ్రూపు, 14 డాల్టన్లు. దీన్ని మార్క్‌ల పరిమాణంతో కలిపి చూడాలి. మనిషి కణంలో సుమారు 640 కోట్ల బేస్ జతలున్నాయి. 200 బేస్‌లకొకటి చొప్పున వేసుకుంటే న్యూక్లియోసోమ్‌లు (డీఎన్‌ఏ చుట్టుకున్న హిస్టోన్ ఉండలు) 3 కోట్లు దాటతాయి, ఒక్కోదానిలో రెండేసి హెచ్3లు. ఎలుక పిండ మూలకణాల్లో హెచ్3లో సగానికి పైగా కే27 డైమిథైల్ స్థితిలోనే ఉంటుంది. ట్రైమిథైల్ వాటా దానితో పోలిస్తే చిన్న ముక్క. డైమిథైల్ పదిరెట్లు ఎక్కువున్న చోట, దాన్ని పదోవంతు బలంతో మాత్రమే పట్టే యాంటీబాడీ వాడినా మీరు చూసే సిగ్నల్‌లో సగం డైమిథైల్‌దే అవుతుంది. ఎలైసాలో (ప్లేట్ మీద బైండింగ్ కొలిచే పరీక్షలో) "10 శాతం క్రాస్ రియాక్షన్" అని చదివి తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

పెప్టైడ్లు తెప్పించేటప్పుడు

కే27 ట్రైమిథైల్ యాంటీబాడీకి నేను పెట్టే వరస ఇది. హెచ్3లో 21 నుంచి 44 దాకా ఉన్న ముక్క ఐదు రూపాల్లో: మార్పు లేనిది, మోనో, డై, ట్రైమిథైల్, ఎసిటైల్. హెచ్3 1–21 ముక్క మీద కే9 ట్రైమిథైల్ ఒకటి, కే4 ట్రైమిథైల్ ఒకటి. హెచ్4 మీద కే20 ట్రైమిథైల్. చివరగా కే27 ట్రైమిథైల్‌తో పాటు పక్కనున్న సెరీన్ 28 మీద ఫాస్ఫేట్ ఉన్నది; దీని పని తర్వాత చెబుతాను. అన్నీ కుదరకపోతే నాలుగైనా ఉండాలి: ట్రైమిథైల్, డైమిథైల్, మార్పు లేనిది, కే9 ట్రైమిథైల్. మార్పు లేని పెప్టైడ్ ఒక్కటే కంట్రోల్‌గా పెట్టి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. దాన్ని పట్టని యాంటీబాడీలు బోలెడు. చిక్కంతా దగ్గరి బంధువులతోనే.

కొన్ని కంపెనీలు యాంటీబాడీతో పాటు "బ్లాకింగ్ పెప్టైడ్" అమ్ముతాయి కానీ దాని వరస చెప్పవు. వరస తెలియని పెప్టైడ్‌తో చేసిన పరీక్షకి నేను విలువివ్వను. ఎంత వేశామో మోలార్‌లో లెక్క కట్టలేం, ఎందుకు ఆగిందో వివరించలేం.

ఆర్డర్‌లో రాయాల్సిన సంగతులు కొన్నున్నాయి. తోక మధ్యలోంచి తీసిన ముక్కకి ఎన్-కొన (ముందు కొన) మీద ఎసిటైల్, సీ-కొన (వెనుక కొన) మీద అమైడ్ పెట్టించండి. లేకపోతే ప్రోటీన్‌లో ఆ చోట లేని చార్జ్‌లు పుట్టుకొస్తాయి. 1 నుంచి మొదలయ్యే ముక్కకి మాత్రం ఎన్-కొన వదిలేయాలి, ఎందుకంటే సహజ హెచ్3లో మొదటి అలనీన్ అమైన్ ఖాళీగానే ఉంటుంది, కే4 యాంటీబాడీలు చాలావరకు ఆ కొనను కూడా పట్టుకుంటాయి. బయోటిన్ ఉన్న పెప్టైడ్ వద్దు, ముఖ్యంగా డిటెక్షన్‌లో స్ట్రెప్టావిడిన్ ఉంటే. కొన మీద సిస్టీన్ తగిలించింది కూడా వద్దు; నిల్వలో జతలుగా అతుక్కుంటుంది.

ప్యూరిటీ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే తప్పుడు ఫలితాలు పుడతాయి. డైమిథైల్ పెప్టైడ్‌లో ఒక్క శాతం ట్రైమిథైల్ కలిసి ఉందనుకోండి. మీరు డైమిథైల్‌ని 10 మైక్రోమోలార్ వేస్తే దాంతో పాటు 100 నానోమోలార్ ట్రైమిథైల్ కూడా ట్యూబ్‌లోకి వెళ్లింది. మంచి యాంటీబాడీని పూర్తిగా ఆపడానికి అది చాలు. "డైమిథైల్ కూడా ఆపుతోంది, యాంటీబాడీ పనికిరాదు" అని పారేస్తారు, తప్పు పెప్టైడ్‌ది. హెచ్‌పీఎల్‌సీలో 95 శాతం అన్న కాగితం ఇక్కడ సరిపోదు. మాస్ స్పెక్ట్రమ్ అడిగి తీసుకుని, మీ పీక్ కంటే 14 డాల్టన్లు పైన, కింద ఏముందో మీరే చూడండి. ట్రైమిథైల్, ఎసిటైల్ రెండూ లైసీన్‌కి 42 డాల్టన్లే కలుపుతాయి. వాటి మధ్య తేడా 0.036 డాల్టన్లు. తక్కువ రిజల్యూషన్ యంత్రం ఆ రెంటినీ విడదీయలేదు కాబట్టి ఆ జత కలగాపులగమైతే స్పెక్ట్రమ్ చూసి పట్టుకోలేరు.

పొడి బరువంతా పెప్టైడ్ అనుకోకండి. హిస్టోన్ తోకల నిండా లైసీన్లు, ఆర్జినీన్లు. ఒక్కోదానికీ ట్రైఫ్లోరోఅసిటేట్ అంటుకుని వస్తుంది. అసలు పెప్టైడ్ బరువులో 60 నుంచి 80 శాతమే ఉండటం మామూలు. నెట్ పెప్టైడ్ కంటెంట్ అడిగి ఆ లెక్కన కరిగించండి. నీళ్లలోనే హాయిగా కరుగుతాయి, డీఎంఎస్‌ఓ అక్కర్లేదు. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున స్టాక్ చేసి, చిన్న చిన్న ఆలికాట్లుగా మైనస్ 80లో పెట్టండి. పలచన చేశాక ఇవి గాజుకీ ప్లాస్టిక్‌కీ అంటుకుపోతాయి. లో-బైండింగ్ ట్యూబులు వాడండి, పలచన చేసే ద్రావణంలో 1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరమ్ ప్రోటీన్) ఉండాలి. మైక్రోమోలార్ కంటే కిందికి వెళ్లినకొద్దీ ఈ జాగ్రత్త లేకపోతే ట్యూబ్‌లో పెప్టైడ్ ఉందనుకుంటూ ఖాళీ బఫర్ వేస్తుంటారు.

ఎంత వేయాలి

"యాంటీబాడీ బరువుకి ఐదు రెట్లు పెప్టైడ్" అన్న సూత్రం అందరూ వాడతారు. దాని అర్థం మోలార్‌లో చూద్దాం. యాంటీబాడీ మిల్లీలీటరుకి 0.5 మైక్రోగ్రాములు అంటే 150 కిలోడాల్టన్ల లెక్కన 3.3 నానోమోలార్; ఒక్కోదానికి రెండు సైట్లు కాబట్టి సైట్లు 6.7 నానోమోలార్. పెప్టైడ్ ఐదు రెట్లు, అంటే మిల్లీలీటరుకి 2.5 మైక్రోగ్రాములు, 24 రెసిడ్యూల ముక్క సుమారు 2.5 కిలోడాల్టన్లు కాబట్టి అది 1 మైక్రోమోలార్. సైట్ల కంటే 150 రెట్లు. "ఐదు రెట్లు" అని చిన్నగా వినిపించేది అసలు ఇంత.

లక్ష్య పెప్టైడ్‌కి ఈ మోతాదుతో ఇబ్బంది లేదు. దగ్గరి బంధువులకి మాత్రం ఇది మరీ ఎక్కువ. ట్రైమిథైల్‌ని 1 నానోమోలార్ కేడీతో (సగం సైట్లు నిండే గాఢత; ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది), డైమిథైల్‌ని 100 నానోమోలార్‌తో పట్టే యాంటీబాడీని తీసుకోండి. నూరు రెట్లు తేడా, మంచి యాంటీబాడీయే. 1 మైక్రోమోలార్ డైమిథైల్ పెప్టైడ్ పెడితే సైట్లలో 91 శాతం నిండిపోతాయి, స్లైడ్ దాదాపు తెల్లబడుతుంది. 100 నానోమోలార్‌లో సగం, 10 నానోమోలార్‌లో 9 శాతమే నిండుతాయి. ట్రైమిథైల్ అయితే 10 నానోమోలార్‌కే 80 శాతం దాటుతుంది. అంటే ఒకే మోతాదులో చేసిన పరీక్షకి అర్థం లేదు. ఒకే యాంటీబాడీ మోతాదును బట్టి గొప్పదిగానూ కనిపిస్తుంది, పనికిరానిదిగానూ కనిపిస్తుంది. 10 నానోమోలార్, 100, 1 మైక్రోమోలార్, 10 మైక్రోమోలార్ అని నాలుగు మెట్లు పెట్టండి. ఏ పెప్టైడ్ ఏ మెట్టు దగ్గర సిగ్నల్‌ని సగానికి తెస్తుందో, ఆ మెట్ల మధ్య దూరం ఎంతో చూడాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. సైట్లే 6.7 నానోమోలార్ ఉన్నప్పుడు వాటిలో సగం నింపడానికి కనీసం 3.3 నానోమోలార్ పెప్టైడ్ కావాలి, అఫినిటీ ఎంత గొప్పదైనా సరే. అందుకని పై ఉదాహరణలో ట్రైమిథైల్ సగం-మోతాదు 1 నానోమోలార్ దగ్గర కాకుండా 4 దాటి కనిపిస్తుంది, డైమిథైల్‌ది 100 దగ్గరే ఉంటుంది, నూరు రెట్ల తేడా పాతికకి దిగిపోతుంది. యాంటీబాడీ గాఢత పెరిగేకొద్దీ ఈ కుదింపు పెరుగుతుంది. పోటీ పరీక్షకి యాంటీబాడీని వీలైనంత పలచగా వాడాలనడానికి ఇదే అసలు కారణం.

స్లైడ్ల దగ్గర పని

ముందు టైట్రేషన్. మిల్లీలీటరుకి 2 మైక్రోగ్రాముల నుంచి 0.05 దాకా మెట్లుగా దింపి, సిగ్నల్ ఇంకా గాఢతతో పాటు మారుతున్న చోటు పట్టుకోండి. రంగు గరిష్ఠానికి చేరి నిలిచిపోయిన గాఢతలో పరీక్ష చేస్తే, సగం యాంటీబాడీని పెప్టైడ్ ఆపేసినా స్లైడ్ మీద తేడా తెలియదు.

మిగతా ప్రోటోకాల్ మీరు రోజూ చేసేదే. 4 మైక్రాన్ల సెక్షన్లు, జైలీన్, ఆల్కహాల్ మెట్లు, సిట్రేట్ పీహెచ్ 6 లేదా ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9లో 95–98 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు (ఫార్మలిన్ ముడులు విప్పి ఎపిటోప్‌ని బయటపెట్టే ఈ మెట్టే రిట్రీవల్), అదే బఫర్‌లో 20–30 నిమిషాలు చల్లారనివ్వడం, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు, సెకండరీ జంతువు సీరమ్ 5 శాతంతో బ్లాకింగ్.

యాంటీబాడీ ద్రావణం ఒక్కటే పెద్ద ట్యూబ్‌లో చేసి తర్వాత పంచాలి. ఒక్కో ట్యూబ్‌లో విడివిడిగా పిపెట్ చేస్తే 0.5 మైక్రోలీటర్ల తేడాయే ఫలితంలా కనిపిస్తుంది. ఎనిమిది పరిస్థితులు, ఒక్కోదానికి 150 మైక్రోలీటర్ల చొప్పున రెండు సెక్షన్లు అయితే 2.4 మిల్లీలీటర్లు కావాలి. 3 చేసుకోండి, దానికి యాంటీబాడీ 1.5 మైక్రోగ్రాములు పడుతుంది. 300 మైక్రోలీటర్ల చొప్పున పంచి, 1 మైక్రోమోలార్ ట్యూబ్‌లోకి 0.1 మిల్లీగ్రాము/మిల్లీలీటర్ పెప్టైడ్ 7.5 మైక్రోలీటర్లు వేయండి. తక్కువ మెట్లకి పెప్టైడ్‌ని ముందే పలచన చేసుకుని అదే 7.5 మైక్రోలీటర్లు వేయాలి. పెప్టైడ్ లేని ట్యూబ్‌లో ఆ పలచన చేసిన బఫరే 7.5 వేయాలి. ఆ ట్యూబ్ కూడా మిగతావాటితో పాటే గంటసేపు గది ఉష్ణోగ్రతలో తిరగాలి. పలచగా ఉన్న యాంటీబాడీ ఆ గంటలో గోడకి అంటుకుని కొంత తగ్గిపోవచ్చు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన యాంటీబాడీతో పోలిస్తే ఆ తగ్గుదల "బ్లాకింగ్"‌గా లెక్కలోకి వచ్చేస్తుంది.

గంట తర్వాత 12,000 జీ దగ్గర 10 నిమిషాలు, 4 డిగ్రీల్లో తిప్పి, అడుగున కొద్దిగా వదిలేసి పైది తీసుకోండి. పెప్టైడ్‌ని విడదీయాల్సిన పనిలేదు, విడదీయకూడదు కూడా. అది ద్రావణంలో ఉండి ప్రైమరీ (మొదటి యాంటీబాడీ) ఇంక్యుబేషన్ అంతటా పోటీ పడుతూనే ఉండాలి.

ప్రైమరీ రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచడం చాలామందికి అలవాటు. పోటీ పరీక్షకి నేను గది ఉష్ణోగ్రతలో ఒక గంటకే మొగ్గు చూపుతాను. ద్రావణంలో పెప్టైడ్‌ని యాంటీబాడీ ఒక్కో చేత్తో పట్టుకుంటుంది, వదులుతుంది. సెక్షన్ మీద హిస్టోన్లు కిక్కిరిసి ఉంటాయి. ఒకసారి అక్కడ రెండు చేతులూ పడితే మళ్లీ ఊడిరాదు. సమయం ఎంత ఎక్కువిస్తే అంత యాంటీబాడీ పెప్టైడ్‌ని వదిలి అక్కడికి చేరుతుంది. తక్కువ మెట్లలో ఇది బాగా తెలుస్తుంది. టైట్రేషన్ కూడా అదే సమయానికి, అదే ఉష్ణోగ్రతకి చేయాలి.

వీలైతే పెప్టైడ్ ఉన్నదీ లేనిదీ ఒకే స్లైడ్ మీద రెండు సెక్షన్లకి వేయండి, మధ్యలో పాప్ పెన్ (ద్రావణం పారకుండా ఆపే పెన్ను) గీతతో. రెండిటికీ రిట్రీవల్, కడుగుడు, డాబ్ (గోధుమ రంగునిచ్చే రసాయనం) అన్నీ ఒకటే అవుతాయి. గీత తెగి ద్రావణాలు కలిసిపోతే ఆ స్లైడ్‌ని లెక్కలోంచి తీసేయండి.

డాబ్ సమయాన్ని పెప్టైడ్ లేని స్లైడ్ చూసి నిర్ణయించి, అన్నిటికీ అదే సమయం, అదే గంటలో కలిపిన అదే డాబ్. హెమటాక్సిలిన్ చాలా పలచగా, 10–20 సెకన్లు. హిస్టోన్ సిగ్నల్ న్యూక్లియస్‌లోనే, హెమటాక్సిలిన్ కూడా న్యూక్లియస్‌లోనే. నీలం ముదిరితే మిగిలిన లేత గోధుమ కనబడదు, పావు వంతు సిగ్నల్ మిగిలిన స్లైడ్ కూడా "పూర్తిగా ఆగింది" అనిపిస్తుంది. అంకెలు కావాలంటే మాత్రం డాబ్ వద్దు, ఫ్లోరసెన్స్‌కి వెళ్లండి. డాపీతో (డీఎన్‌ఏకి అంటుకుని మెరిసే రంగుతో) న్యూక్లియస్‌ల హద్దు గీసి, అన్నిటికీ ఒకే ఎక్స్‌పోజర్, శాచురేషన్ లేకుండా, ప్రైమరీ లేని స్లైడ్ విలువ తీసేసి కొలవాలి.

పక్కపక్క సెక్షన్లలో అదే న్యూక్లియస్‌ని వెతకకండి. న్యూక్లియస్ మందం 5–10 మైక్రాన్లే; తర్వాతి సెక్షన్‌లో దాని అంచు మాత్రమే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. ప్రాంతాన్ని ప్రాంతంతో పోల్చండి.

చాలామంది వదిలేసే కంట్రోల్ ఒకటి తప్పకుండా పెట్టాలి: హెచ్3 సీ-కొనని పట్టే యాంటీబాడీని మీ కే27 ట్రైమిథైల్ పెప్టైడ్‌తో, అత్యధిక మోతాదులో కలిపి వేయడం. దాని ఎపిటోప్ ఆ పెప్టైడ్‌లో లేదు కాబట్టి స్టెయినింగ్ చెక్కుచెదరకూడదు. అది కూడా తగ్గితే పెప్టైడ్ ద్రావణమే ఏదో పాడుచేస్తోంది. ఆమ్లం ఎక్కువై పీహెచ్ పడిపోవడం మొదట చూడాల్సింది.

ఫలితం చదవడం

లక్ష్య పెప్టైడ్ 10–100 నానోమోలార్ మధ్య ఆపి, మిగతావేవీ (ఫాస్ఫేట్ ఉన్నది తప్ప) 1 మైక్రోమోలార్‌కి కూడా ఆపకపోతే ఆ యాంటీబాడీతో ముందుకెళ్లొచ్చు. మార్పు లేని పెప్టైడ్ కూడా అదే మెట్టు దగ్గర ఆపితే అది మార్క్‌ని పట్టట్లేదు, హెచ్3 తోకనే పడుతోంది. కే9 ట్రైమిథైల్ పెప్టైడ్ సగం తగ్గించి అక్కడే ఆగిపోయి, మోతాదు పెంచినా ఇంకా దిగకపోతే పాలీక్లోనల్‌లో (పలు యాంటీబాడీల మిశ్రమంలో) రెండు జాతుల యాంటీబాడీలున్నాయని అర్థం: ఒకటి నాలుగు రెసిడ్యూలతో తృప్తిపడేది, ఒకటి అసలైనది. మోనోక్లోనల్‌లో (అంతా ఒకే యాంటీబాడీ అయినప్పుడు) ఆ తగ్గుదల మోతాదుతో పాటు కొనసాగుతుంది. ఈ వంపు ఆకారాలు మెట్లు పెట్టినప్పుడే కనిపిస్తాయి.

లక్ష్య పెప్టైడ్ ఆపకపోతే ముందు పెప్టైడ్‌నే అనుమానించండి. 0.2 మైక్రాన్ల మెంబ్రేన్ మీద పెప్టైడ్లన్నిటినీ 1 నుంచి 100 నానోగ్రాముల చుక్కలుగా పెట్టి డాట్ బ్లాట్ చేస్తే స్టాక్ బతికుందో లేదో అరపూటలో తేలిపోతుంది. పొట్టి పెప్టైడ్లు మెంబ్రేన్‌కి సరిగా అంటవు కాబట్టి చుక్క రాకపోతే వెంటనే పారేయకండి. చుక్క వస్తే మాత్రం పెప్టైడ్ బాగానే ఉన్నట్టు. తర్వాత యాంటీబాడీ గాఢత. ఆ తర్వాత ప్రైమరీ లేని స్లైడ్, ఐసోటైప్ స్లైడ్ (అదే తరగతికి చెందిన, లక్ష్యం లేని యాంటీబాడీ వేసినది): అక్కడా అదే రంగుంటే అసలు సమస్య డిటెక్షన్‌లో ఉంది. ఎలుక టిష్యూ మీద ఎలుక యాంటీబాడీ వేసినప్పుడు ఇది తరచూ ఎదురవుతుంది.

న్యూక్లియస్ రంగు పోయి సైటోప్లాజమ్ రంగు మిగిలితే ఆ మిగిలింది బైండింగ్ సైట్‌తో సంబంధం లేనిది, బ్లాకింగ్ సీరమ్ పెంచి చూడొచ్చు. రెండూ కలిసి పోతే అది ఇంకా ఇబ్బందికరం. సైటోప్లాజమ్‌లో ఆ సైట్‌కి సరిపడే వేరే ప్రోటీన్ ఉండే అవకాశం ఎక్కువ. న్యూక్లియస్ లోపల కూడా అది లేదని ఎలా అంటాం?

పెప్టైడ్ వేశాక రంగు పెరిగిన స్లైడ్లు కూడా వస్తాయి. ఇన్ని పాజిటివ్ చార్జ్‌లున్న పెప్టైడ్ సెక్షన్‌లోని డీఎన్‌ఏ మీద పరుచుకుని, తనతో పాటు యాంటీబాడీని లాక్కెళ్లగలదు. అత్యధిక మెట్టులోనే ఇలా అయితే ఆ మెట్టు మానేయండి. డైల్యూయెంట్‌లో ఉప్పు పెంచితే తగ్గుతుంది, కానీ పెంచితే అన్ని ట్యూబుల్లోనూ పెంచి, టైట్రేషన్ మళ్లీ చేయాలి.

ఆపాల్సింది ఆపకపోతే

ఇప్పుడు ఫాస్ఫేట్ ఉన్న ఆ పెప్టైడ్ సంగతి. మైటోసిస్‌లో సెరీన్ 10, సెరీన్ 28 మీద ఫాస్ఫేట్ చేరుతుంది. కే9 ట్రైమిథైల్‌కి సెరీన్ 10, కే27 ట్రైమిథైల్‌కి సెరీన్ 28 ఆనుకునే ఉంటాయి. పక్కన ఫాస్ఫేట్ ఉంటే చాలా యాంటీబాడీలు ఆ మిథైల్‌ని గుర్తుపట్టలేవు. విభజనలో ఉన్న కణాలు తెల్లగా కనిపిస్తాయి, మార్క్ పోయిందని రాసేస్తారు, మార్క్ అక్కడే ఉంటుంది. కే4 ట్రైమిథైల్‌కి పక్కనున్న థ్రియోనీన్ 3 ఫాస్ఫేట్, ఆర్జినీన్ 2 మిథైల్స్ ఇదే పని చేస్తాయి. ట్రైమిథైల్-ఫాస్ఫో జంట పెప్టైడ్ కూడా ఒంటి ట్రైమిథైల్ పెప్టైడ్ ఆపిన మెట్టు దగ్గరే ఆపితే మీ యాంటీబాడీకి ఫాస్ఫేట్ అడ్డు కాదు. ఆపలేకపోతే ఆ యాంటీబాడీతో మైటోటిక్ కణాల గురించి ఏమీ చెప్పకండి. ట్యూమర్ సెక్షన్లలో ఈ ఒక్క పెప్టైడ్ చాలా తప్పుడు వాదనలని మొదట్లోనే ఆపుతుంది.

ద్రావణంలోని పెప్టైడ్‌కీ సెక్షన్‌లోని ఎపిటోప్‌కీ ఇంకో తేడా ఫార్మలిన్. ఫార్మాల్డిహైడ్ లైసీన్ అమైన్‌ని పట్టుకుంటుంది. ట్రైమిథైల్ అయిన లైసీన్ దానికి దొరకదు, చుట్టుపక్కల మార్పు లేని లైసీన్లు దొరుకుతాయి. రిట్రీవల్ అరకొరగా అయితే అవి ముడిపడే ఉండి యాంటీబాడీకి అడ్డం వస్తాయి. పెప్టైడ్ పోటీ ఎంత శుభ్రంగా వచ్చినా సెక్షన్‌లో ఎపిటోప్ బయటపడిందన్న హామీ అందులో లేదు. సిట్రేట్, ట్రిస్-ఈడీటీఏ రెండిట్లోనూ ఒకసారి వేసి, పంపిణీ తీరు మారుతుందేమో చూడటం తప్పదు.

ఆ పంపిణీ తీరే ఉచితంగా దొరికే మరో ఆధారం. ఎలుక న్యూక్లియస్‌లో కే9 ట్రైమిథైల్ డాపీ మెరిసే చుక్కల మీద కుప్పపడాలి. కే4 ట్రైమిథైల్ ఆ చుక్కల్ని వదిలేయాలి. ఆడ కణాల్లో కే27 ట్రైమిథైల్ నిష్క్రియ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒక ముద్దలా రావాలి. కే27 యాంటీబాడీ ఎలుక సెక్షన్‌లో డాపీ చుక్కలన్నిటి మీదా గట్టిగా వెలిగితే, పెప్టైడ్ల దాకా పోకుండానే కే9ని అనుమానించొచ్చు.

హెచ్1.4 లాంటి పోలికల విషయంలో పెప్టైడ్ పోటీ చేతులెత్తేస్తుంది. వాటిని తేల్చేది ఎంజైమ్‌ని ఆపి చూడటమే. ఈజెడ్‌హెచ్2 (కే27 మీద మిథైల్స్ పెట్టే ఎంజైమ్) ఇన్హిబిటర్‌లో కణాలని నాలుగు నుంచి ఆరు రోజులు పెంచండి. ఈ మార్క్ ఎక్కువగా కణవిభజనతో పలచబడుతూ పోతుంది కాబట్టి ఒక్క రాత్రికి దిగదు. ఆ కణాలనీ మందు వేయని కణాలనీ ఫార్మలిన్‌లో ఫిక్స్ చేసి, ముద్దగా పారఫిన్‌లో పెట్టి, టిష్యూతో పాటు అదే రిట్రీవల్‌లో, అదే ట్రేలో వేయాలి. పెప్టైడ్ ఆపిన సిగ్నల్ ఈ మందు వేసిన ముద్దలో కూడా పోవాలి. మందు వేశాక కూడా మిగిలి, పెప్టైడ్‌కి మాత్రం పోయే సిగ్నల్ ఎంతుందో, మీ యాంటీబాడీ తప్పుగా పట్టుకుంటున్నది దాదాపు అంత. మనిషి టిష్యూలో దీనికి సహజమైన జోడీ కే27ఎమ్ మ్యూటేషన్ (27వ లైసీన్ మెథియోనీన్‌గా మారడం) ఉన్న డిఫ్యూజ్ మిడ్‌లైన్ గ్లయోమా అనే మెదడు ట్యూమర్: ట్యూమర్ న్యూక్లియస్‌లలో ట్రైమిథైల్ బాగా పడిపోతుంది, అదే సెక్షన్‌లో రక్తనాళాల గోడ కణాల్లో మాత్రం నిలిచే ఉంటుంది. ఆ సెక్షన్ దొరికితే పెప్టైడ్ వరసని దాని మీదే నడపండి. పాజిటివ్, నెగటివ్ రెండూ ఒకే ఫీల్డ్‌లో దొరుకుతాయి.